తోలు నడికట్టు : దాని పుట్టుపూర్వోత్తరములు



ఈ దినమున నేను ప్రసంగింపబూనిన వస్తువు మిక్కిలి చిన్నది. అది మీ నడుమున నుండవచ్చును. లేదా మీ యింటి చిలుకకొయ్యకు వ్రేలాడుచుండవచ్చును. అది తోలు నడికట్టు. నేడు చిన్నలు పెద్దలు అందరును దానిని బెల్టు అనియే పిలుచుచున్నారు. రాజుల చరిత్రమును, కోటల చరిత్రమును వినుటకు అలవాటుపడినవారికి, రెండున్నర మూరల తోలుముక్కకు చరిత్ర మేమున్నదని తోచవచ్చును. నాకును చాలకాలము అట్లే తోచినది.

మా యింట మా తాతగారి నడికట్టు ఒకటి కలదు. వారు తమ యౌవనమున మా యూరనే దానిని చేయించుకొనిరి. వారి తరువాత మా తండ్రిగారు కట్టుకొనిరి. ఇప్పుడు దూరప్రయాణములకు నేను కట్టుకొనుచున్నాను. దాని ఇత్తడి బకిలును రెండుమార్లు మార్చవలసివచ్చినది గాని తోలు మాత్రము చెక్కుచెదరలేదు. ఒకనాడు నేను మా తండ్రిగారిని, దీనిని చేసిన దెవరని అడిగితిని. "మన ఊరి మాదిగ చేశాడురా" అని వారు బదులు చెప్పిరి. పేరేమని మరల అడిగితిని. దాని కెన్ని కుంచముల ధాన్య మిచ్చిరో వారికి జ్ఞాపకమున్నది. బకిలు ఏ సంతలో కొనిరో జ్ఞాపకమున్నది. చేసినవాని పేరు మాత్రము తెలియదు. ఆ మాట నా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. నాటినుండియే ఈ వస్తువు చరిత్రమును వెదకుట నారంభించితిని.

మొదట మాటలను చూతము. మన పెద్దలు నడుమునకు కట్టుకొన్నది ఎక్కువగా గుడ్డతో చేసిన దట్టియే. తోలుపట్టీ మనుష్యుల నడుమున కంటె పశువుల మెడకును, గుఱ్ఱపు పొట్టకును ముందుగా ఎక్కినది. ఎడ్ల మెడలో మువ్వలు కూర్చి కట్టు తోలు పట్టెడను మీరందరును ఎరుగుదురు. జీనును బిగించు వారును ఎరుగుదురు. ఈ పట్టెడను, ఈ వారును కుట్టిన చేతులే తరువాత నడికట్టును కుట్టినవి. కాబట్టి మన దేశపు నడికట్టునకు పట్టెడ అక్క వంటిది.

ఇక నింకొక మాట కలదు. కచ్చేరీలలో అధికారి ముందు నిలుచు బంట్రోతును డవాలు బంట్రోతు అనియు, బిళ్ళ బంట్రోతు అనియు వ్యవహరించుట మీకు తెలిసినదే. పారసీకమున దవాల్ అనగా తోలు వారు అని అర్థము. భుజము మీదుగా అడ్డముగా వేసికొను ఆ పట్టీకి ఇత్తడి బిళ్ళ తగిలించిన వెంటనే, దానిని ధరించినవాడు సర్కారు మనిషి యయ్యెను. కాలక్రమమున తోలునకు మారుగా గుడ్డ పట్టీయు వచ్చినది గాని పేరు మాత్రము మారలేదు. చిత్రమేమనగా, ఆ తోలును ధరించినవానికి ఊరిలో భయభక్తులు లభించినవి. దానిని ఊనిన వానికి ఊరిబావి నీరు సైతము లభింపలేదు.

ఇచ్చట మన గ్రామముల పూర్వస్థితిని కొంచెము స్మరించుకొనవలసి యున్నది. మోటర్లును, గొట్టపు బావులును రాని కాలమున మెట్టపొలమునకు నీరు తోడినది మోట. కొన్ని సీమలలో దానినే కపిల యందురు. ఆ మోటకు తొండము తోలుది. ఎడ్లను కాడికి బిగించు పలుపులును, చెర్నాకోలయు, కాలికి చెప్పులును, జాతరకు డప్పును, అన్నియు తోలువే. ఏరువాక నాటికి ఇవన్నియు సిద్ధముగా లేకున్న సేద్యము సాగదు. ఈ వస్తువులను ఏడాది పొడుగున చేసియిచ్చి, బాగుచేసి, కళ్ళములో తనకు రావలసిన మేరను పుచ్చుకొనుట ఆ పనివాని వతనుగా నుండెను. చచ్చిన పశువును ఊరి వెలుపలకు తీసికొనిపోవుటయు అతని పనియే. ఊరు అతనిపై ఆధారపడియుండెను. అయినను ఊరు అతనిని వెలుపలనే ఉంచెను. వివాహవేళ వధూవరులకు చూపు అరుంధతీ నక్షత్రమును తమ యాడుబిడ్డగా చెప్పుకొను కులము వారు, ఆ వివాహపు పందిటిలోనికి రాజాలకపోయిరి. పాల్కురికి సోమనాథుడు పదుమూడవ శతాబ్దమున తన బసవపురాణమున మాదర చెన్నయ భక్తిని కీర్తించెను. పురాణము విన్నవారు చేతులు జోడించిరి. అంతలో లేచి, చెన్నయ కులమువానిని ఎడముగా నిలువుమనిరి. ఇది మన పెద్దలు చేసిన తప్పు. దీనిని దాచి చెప్పిన చరిత్రము చరిత్రము కాదు.

ఇప్పుడు తోలు ఊనుట యెట్లో వినుడు. పచ్చితోలు కుళ్ళును, ఎండిన తోలు బెరడువలె బిగిసి విరుగును. ఈ రెంటికిని లొంగక, మెత్తనై, మన్నికయై నిలుచునట్లు చేయుటయే ఊనుట. మొదట తోలును నీట నానబెట్టి, ఉప్పును మురికిని కడిగివేయుదురు. పిమ్మట సున్నపు నీటిలో కొన్నిదినము లుంచుదురు. సున్నము వెండ్రుకల మొదళ్ళను వదలించును, తోలును ఉబ్బించును. అప్పుడు మొద్దుకత్తితో వెండ్రుకను, పదునుకత్తితో లోపలి మాంసపు పొరను గీకివేయుదురు. గీకిన తోలును మరల మరల కడిగి సున్నమును పోగొట్టవలెను. సున్నము మిగిలినచో తోలు పెళుసై, కొంతకాలమునకు పగులును.

తరువాత తోలు లందలో దిగును. లందలోని కషాయమునకు మన సీమలో ముఖ్యమైన ద్రవ్యము తంగేడు చెక్క. బతుకమ్మకు పసుపుపచ్చని పూవు నిచ్చునది, నేడు తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రసిద్ధి కెక్కినది, ఆ తంగేడే. దాని బెరడును దంచి నీట నానబెట్టగా వగరు రసము దిగును. ఆ వగరే తోలు నరములతో కలిసి దానిని కుళ్ళనీయకుండ చేయును. ఇందులో రహస్య మొకటి కలదు. మొదటనే చిక్కని కషాయములో వేసినచో పైపొర బిగిసి, లోపలికి రసము పోవు త్రోవ మూసికొనిపోవును. నడుమ పచ్చిగానే మిగులును. కావున పాతబడిన పలుచని కషాయముతో మొదలుపెట్టి, దినదినమునకు చిక్కదనము పెంచుచు పోవలెను. పలుచని తోలునకు వారములు పట్టును. దళసరి తోలునకు నెలలు పట్టును. తొందరపడినవాడు తోలును చెరచును. కడపట కరక్కాయ కషాయమున ముంచుదురు. తంగేటితో మాత్రమే ఊనిన తోలు ఎండ తగిలినకొలది ఎఱ్ఱబారును. కరక్కాయ ఆ దోషమును తగ్గించి రంగును తేటపరచును. పిదప తడి ఆరకముందే నూనె పట్టించి, నీడలో ఆరనిత్తురు. ఎండలో పెట్టినచో నూనె దిగకముందే తోలు బిగిసికొనును.

మా యూరిలో ఆ తాతనాటి పనివాని మనుమడు ఇంకను ఉన్నాడు. అతడును ఇప్పుడు వృద్ధుడే. నేను నడికట్టు పట్టుకొని అతని యింటికి పోయితిని. అతడు దానిని చేతిలోనికి తీసికొని, వంచి చూచి, బొటనవ్రేలితో అంచు రాచి, "ఇది వెన్నుతోలండీ, మా తాత చేతి కుట్టే" అనెను. వెన్నుతోలని యెట్లు తెలిసినదని అడిగితిని. అప్పుడు అతడు చెప్పిన సంగతులను మీ కిచ్చట క్రోడీకరించుచున్నాను.

తోలంతయు ఒకే తీరుగ నుండదు. పొట్టభాగము సాగును, మెడభాగము ముడుతలు పడును, తోకనుండి భుజముల వరకు వెన్నునకు ఇరుప్రక్కల నున్న భాగమే గట్టిది, సమమైనది. నడికట్టును ఆ భాగమున, వెన్ను పొడుగునకు సరిగా, ఒకే కోతలో తీయవలెను. అడ్డముగా తీసినచో ఒక సంవత్సరములో సాగి రంధ్రములు చాలకపోవును. వెడల్పు ఒకటిన్నర అంగుళము. దళసరి రెండు పాత రూపాయి బిళ్ళలు ఒకదానిపై నొకటి పెట్టినంత. పొడవు, నడుము కొలతకంటె ఎనిమిది తొమ్మిది అంగుళములు ఎక్కువ. అందులో రెండంగుళములు బకిలు చుట్టు మడుచుటకును, మిగిలినది కొసకును పోవును. కోసిన పట్టీని తడిపి, ఒక కొసకు రాయి కట్టి రాత్రియంతయు వ్రేలాడదీయుదురు. సాగవలసినంత అప్పుడే సాగిపోవును. రంధ్రములు ఆ తరువాతనే కొట్టవలెను.

రంధ్రములు బేసిసంఖ్యగా, ఐదుగాని ఏడుగాని, అంగుళమున కొకటి చొప్పున కొట్టుదురు. నడిమిరంధ్రము మనిషి నడుమునకు సరిపోవలెను. లావెక్కినను చిక్కినను ఇరుప్రక్కల చోటుండును. రంధ్రము గుండ్రముగా ముక్కను ఊడదీసి చేయవలెనే కాని కత్తితో చీల్చరాదు. చీల్చిన రంధ్రము కొసలయందు పగులుపట్టి చినుగును. గుండ్రని రంధ్రమునకు పగులుపట్టుటకు మూల యుండదు. అంచుల మూలలను రంపెతో సన్నగా చెక్కి, తడిచేసి, నున్నని కఱ్ఱతో నిగనిగలాడువరకు రుద్దవలెను. ఈ పని అందమునకు మాత్రమే యని నేననుకొంటిని. కాదు; రుద్దిన అంచులో నరములు అణగి మూసికొనును, చెమటయు నీరును లోనికి పోవు.

కుట్టు విషయమున అతడు మిక్కిలి శ్రద్ధతో చెప్పెను. మైనము పట్టించిన ఒకే దారమునకు రెండు కొసలను రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రమునందును ఒక సూది ఇటనుండి అటు, రెండవది అటనుండి ఇటు పోవును. ఒక వైపు దారము అరిగి తెగినను రెండవది పట్టుకొనియుండును. మరకుట్టులో ఒకటి తెగినచో వరుస యంతయు విడివడుటకు అవకాశ మెక్కువ. జీనుల పనివారు ఈ కుట్టునే కుట్టుదురు. ఏలయన జీను కుట్టు ఊడిన దినమున మనిషి ప్రాణమే పోవును. మా తాతగారి నడికట్టు బకిలు దగ్గర ఒకప్రక్క దారము మూడుచోట్ల అరిగిపోయినది. అయినను ఆ కుట్టు విడలేదు.

ఇంతటి పనితనము గల ఈ వస్తువునకు ప్రపంచమున ప్రసిద్ధి వచ్చిన విధ మెట్టిదో చూడుడు. 1858వ సంవత్సరము ఆగస్టు మాసమున ఉత్తర హిందూస్థానమున జరిగిన యొక పోరాటమున, సామ్ బ్రౌన్ అను ఆంగ్లసేనాని ఎడమచేయి పోగొట్టుకొనెను. కత్తియొరను పట్టుకొనుటకు ఎడమచేయి లేనందున కుడిచేత కత్తి దూయుట కష్టమయ్యెను. అందుచే నడుమున వెడల్పైన తోలుపట్టీని, దాని బరువును మోయుటకు కుడిభుజము మీదుగా మరియొక వారును అమర్చి, ఒరను దానికి కదలకుండ తగిలించెను. చూచి చూచి ఇతర సేనానులును దానిని అనుకరించిరి. ఆ శతాబ్దాంతమునకు అది దొరల సైన్యమున అధికారి చిహ్నమయ్యెను. నేటికిని మన పోలీసు అధికారులు ఉత్సవసమయముల ధరించుచున్నారు. దానికి సామ్ బ్రౌన్ బెల్టు అను పేరు నిలిచినది. మన దేశమున పుట్టిన నడికట్టు అది. కత్తి దూసినవాని పేరు దానికి వచ్చినది. కుట్టినవాని పేరు ఏ పుస్తకమునను నాకు కానరాలేదు.

సైన్యమునకు జీనులును, నడికట్లును, తూటాల సంచులును కావలసివచ్చినందున, 1860 తరువాత కాన్పూరులో ప్రభుత్వమువారు పెద్ద తోలు కర్మాగారమును నెలకొల్పిరి. అచ్చట తుమ్మచెక్కతో ఊనెడివారు. దక్షిణమున మదరాసు రాజధానియందు మరియొక తీరున వర్తకము పెరిగినది. తంగేడుతో సగము ఊనిన తోళ్ళు ఈస్టిండియా కిప్పులు అను పేర ఓడలకెక్కి లండనునకు పోయెను. అచ్చటి వారు దానికి మెరుగు పెట్టి, బూట్లు చేసి, అధికమైన వెలకు అమ్ముకొనిరి. కష్టతరమైన పని, దుర్వాసన గల పని, కూలి తక్కువైన పని మనకు మిగిలినది. మొదటి ప్రపంచయుద్ధమున, 1916 మొదలుకొని, ఈ తోళ్ళను ప్రభుత్వమే సైనికుల బూట్లకై కొనసాగెను. యుద్ధానంతరము 1919లో పచ్చితోళ్ళ ఎగుమతిపై నూటికి 15 వంతుల సుంకము విధించి, బ్రిటిషు సామ్రాజ్యములోనే ఊనబడువానికి అందులో 10 వంతులు తగ్గించిరి. 1923లో ఆ సుంకము 5కు దిగినది. రైతు పెరటిలో చచ్చిన ఎద్దు తోలునకు ఇట్లు లండను నగరమున ధర నిర్ణయమగుచుండెను.

ఈ లోపల మదరాసున ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను నింజనీరు 1903లో క్రోము పద్ధతిని ప్రయోగింప నారంభించెను. ఆయనకు ఆ ఆలోచన కలిగిన కారణము మన రైతు వినదగినది. మోటతోలు నీటిలో నాని త్వరగా చెడుచున్నది. క్రోముతో ఊనిన తోలు నీటికి ఓర్చును గదా యని ఆయన యెంచెను. క్రోము లవణములతో ఊనుటకు 1884లో అమెరికా దేశమున ఆగస్టస్ షుల్ట్జ్ అనునాతడు హక్కుపత్రము పొందియుండెను. ఛాటర్టన్ ప్రభుత్వపక్షమున కర్మశాల నడిపెను. అంతట దొరల వర్తక సంఘములు ప్రభుత్వము వ్యాపారము చేయరాదని మొఱపెట్టెను. 1910లో సీమలోని మంత్రి మార్లే ప్రభువు ఆ మొఱ నాలకించి, అట్టి పరిశ్రమలను ప్రభుత్వము నడుపరాదని ఉత్తరువు చేసెను. క్రోము పని ప్రయివేటు వారి చేతులలోనికి పోయెను. మదరాసు శివారున క్రోంపేట అను పేరు ఆ తోలు కార్మాగారమువలననే వచ్చినది.

క్రోముతోలు ఒకటి రెండు దినములలోనే సిద్ధమగును, మెత్తగా నుండును, వేడినీటికి సైతము ఓర్చును. చెప్పుల పైభాగమునకు, సంచులకు అది మేలు. కాని నడికట్టునకు కావలసిన బిగువు చెక్కతో ఊనిన తోలునకే కలదు. నేడు సంతలో అమ్ము నడికట్లలో చాలవరకు తోలుముక్కలను పొడిచేసి జిగురుతో అచ్చుపోసినవో, ప్లాస్టిక్కుపై తోలువంటి రంగు పూసినవో అయియున్నవి. అవి మడత దగ్గర పొరలు పొరలుగా ఊడును. కొనునప్పుడు అంచు చూడుడు: నరములు కనబడిన తోలు, పొరలు కనబడిన అతుకు. వంచి చూడుడు: మంచితోలు ముడుతపడి మరల సర్దుకొనును.

ఇక ఈ చరిత్రమున మలుపు. 1933 డిసెంబరు, 1934 జనవరి మాసములలో గాంధీమహాత్ముడు అస్పృశ్యతా నివారణమునకై ఆంధ్రదేశమున సంచరించెను. ఆ దశాబ్దముననే వార్ధా సమీపమున నాల్వాడియందు గోపాలరావు వాలుంజ్కర్ అను కార్యకర్త చర్మాలయమును నడిపెను. అగ్రవర్ణములవారు తామై చచ్చిన పశువుల తోలు నూనుట నేర్చుకొనిరి. 1948లో మదరాసున కేంద్ర చర్మ పరిశోధనాలయము వెలసినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము మారినది. మోట పోయి మోటరు వచ్చెను. కాడి పోయి ట్రాక్టరు వచ్చెను. తోలు తొండముతోడ కళ్ళపు మేరయు పోయెను. లందలు పూడిపోయెను.

దీనికి విచారింపవలయునా? ఈ ప్రశ్నను నేను ఆ వృద్ధునే అడిగితిని. "పెద్దాయనా, మీ పిల్లలలో ఎవరైన ఈ పని నేర్చినారా?" అంటిని. "నేనే నేర్పలేదండీ" అని అతడు బదులు చెప్పెను. "సున్నం నీళ్ళలో మా అయ్య చేతులు పుళ్ళు పడ్డాయి. ఆ చేతులతో నీళ్ళిస్తే ఎవరూ తాగలేదు. నా కొడుకు బడిపంతులు. వాడి చేతులు బాగున్నాయి." ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయినది. మంచి నడికట్టు కావలెనని నేను కోరుకొనవచ్చును. అందుకొరకు మరియొకని బిడ్డ లందలో దిగవలెనని కోరుటకు నాకు హక్కు లేదు. ఆ పని మరల రావలెనన్నచో, దానికి తగిన కూలితో, చేతులకు తొడుగులతో, ఏ కులమువాడైన ఇష్టపడి నేర్చుకొను విద్యగా రావలెను. అట్లు కాకున్న పోవుటయే మేలు.

కాని విద్య పోయినను దానిని నెరిగినవారి పేరు పోనక్కరలేదు. మీ యూళ్ళలో మోటలు కుట్టినవారు, పట్టెడలు చేసినవారు ఎవరో మీలో పెద్దలకు ఇంకను జ్ఞాపకముండును. కరణముల లెక్కలలో వారి మేరలు వ్రాయబడెనే గాని పనితనము వ్రాయబడలేదు. మీరు వ్రాసికొనుడు, వ్రాయలేనివారు మనుమలచేత వ్రాయించుడు. ఏ తోలును ఎన్నిదినము లూనిరో, ఏ చెక్క వాడిరో, ఏ పేరుగలవాడు చేసెనో వ్రాయించుడు. వారి యిండ్లకు పోయి, వారి గడపలో కూర్చుండి అడుగుడు.

నే నడిగినప్పుడు ఆ వృద్ధుడు తన తాత పేరు చెప్పెను. ఆ పేరును ఈ ప్రసంగమున చదువుదునా యని అనుమతి వేడితిని. అతడు నవ్వి, "రేడియోలో ఎందుకండీ, మన ఊళ్ళో చెప్పండి చాలు" అనెను. కావున నేనిచ్చట చెప్పుట లేదు. మా యింటికి పోయిన పిదప ఆ పేరును నడికట్టు లోపలివైపున, బకిలు మడత ప్రక్కను, సూదిమొనతో చెక్కితిని. మా యూరి వారు అడిగినప్పుడెల్ల విప్పి చూపుచున్నాను.